పొగమంచులో దీపం: భద్రాద్రి దారి కథ

ముక్కోటి ఏకాదశి ముందునాటి అర్ధరాత్రి ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సెక్కాను. ఇది జరిగి ఇరవై ఏళ్ళ పైమాటే. తెల్లవారుజామున ఉత్తరద్వార దర్శనానికి చేరుకోవాలని బస్సంతా తులసిమాలలు, ముసుగులు, నిద్రపోతున్న పసిపిల్లలు. కొత్తగూడెం దాటేదాకా అంతా సవ్యంగానే ఉన్నది. పాల్వంచ దాటి, పెద్దమ్మ గుడి వెనకబడ్డాక, అడవి ఒకచోట ఆగి చేలు మొదలయ్యే మలుపులో, ఎదురుగా ఎవరో తెల్లని దుప్పటి పట్టుకుని నిలుచున్నట్టు పొగమంచు. డ్రైవరు వేగం తగ్గించి, చెయ్యి చాచి ఏదో మీట నొక్కాడు. పెద్ద లైట్లు ఆరిపోయాయి. బంపరు కింద బిగించిన రెండు పసుపు దీపాలు మాత్రం మిగిలాయి.

బస్సులో గగ్గోలు పుట్టింది. "లైట్లు తీసేసినవేందయ్యా, మమ్మల్ని గోదాట్ల కలుపుతవా?" అని ముందు సీటులోని ముసలామె కేక వేసింది. డ్రైవరు వెనక్కు తిరగకుండానే, "పెద్ద లైటు వేస్తే నా వెలుగు నా కండ్లల్లనే పడతది పెద్దమ్మా. కింది లైటైతే తొవ్వ కనపడతది, గమ్మునుండు" అన్నాడు. ఆమె గమ్మునుండలేదు, రామనామం అందుకున్నది. నేను మాత్రం ఆ ఒక్క మాటనూ పట్టుకుని ఇన్నేళ్ళుగా తిరుగుతున్నాను. ఎక్కువ వెలుగు ఉన్నచోట తక్కువ కనబడటం, తక్కువ వెలుగులో ఎక్కువ కనబడటం అనే ఈ తిరకాసును మనుషులు ఏయే దేశాలలో ఎట్లా పరిష్కరించుకున్నారు, మన గోదావరి ఒడ్డున ఎట్లా పరిష్కరించుకున్నారు అన్నదే ఈ వ్యాసం. మోటారు బండ్ల దీపాల మీద చరిత్ర వ్యాసమేమిటని నవ్వుకునే మిత్రులు నవ్వుకోవచ్చు. దారుల చరిత్ర రాసేవాడు దీపాల చరిత్ర రాయక తప్పదు.

ముందు మంచు సంగతి. వాతావరణ శాస్త్రజ్ఞుల లెక్కలో చూపు వెయ్యి మీటర్ల లోపుకు పడిపోతేనే అది పొగమంచు. ఆ పైన ఉన్నది ఉట్టి మసక. మా ప్రాంతంలో మార్గశిర పుష్య మాసాలలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి, పగలంతా కాగిన నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. గోదావరి మీద, కిన్నెరసాని లోయలో, తడి ఆరని వరిమళ్ళ మీద నిలిచిన తేమగాలి ఆ చల్లదనానికి తాకి బిందువులుగా మారుతుంది. రెండు మూడు గంటల వేళ మొదలై, పొద్దెక్కిన తరువాత ఎప్పటికో విచ్చుకుంటుంది. అడవిలో చెట్ల కొమ్మలు నేల వేడిని కప్పి ఉంచుతాయి గనుక అక్కడ మంచు పలచన. చెట్లు ఆగి బయలు రాగానే చిక్కన. కనుక ఇక్కడి డ్రైవరుకు ప్రమాదం దట్టమైన అడవిలో కాదు, అడవి అంచున. చక్కగా కనబడుతున్న దారిలో వేగంగా వచ్చి, ఒక్కసారిగా తెల్లగోడలోకి దూరతాడు. ఉత్తరాదిన ఢిల్లీ, పంజాబుల వైపు రోజుల తరబడి నిలిచే మంచుకూ దీనికీ ఇదే తేడా. అక్కడి డ్రైవరు మంచుకు సిద్ధపడి ఇంటినుండి బయలుదేరుతాడు. ఇక్కడివానికి అది మలుపు తిరిగాక ఎదురవుతుంది.

ఇక దారి. నేడు ఖమ్మం నుండి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటల పైచిలుకు. కానీ నూరేళ్ళ క్రితం ఇది ఒక రాజ్యం నుండి మరొక రాజ్యానికి ప్రయాణం. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని 1860 నాటి ఒప్పందంలో నిజాం ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. వారు దాన్ని మొదట మధ్యపరగణాలలో ఉంచి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు కలిపారు. కుడి ఒడ్డున బూర్గంపహాడు నిజాం రాజ్యం, ఎడమ ఒడ్డున రాములవారు మద్రాసు ప్రభుత్వం. మధ్య వంతెన లేదు. రాజమండ్రి వైపు భక్తులు పాపికొండల గుండా లాంచీలలో వచ్చేవారు. ఇటు తెలంగాణ భక్తులు రైలు దిగి, బండి కట్టించుకుని, ఒడ్డుకు చేరి, పడవ ఎక్కేవారు. కొత్తగూడెం రైలు స్టేషనుకు 'భద్రాచలం రోడ్' అన్న పేరు ఆ కాలపు గుర్తే. గుడి అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నదని తెలియక, రైలు దిగి గోపురం కోసం చుట్టూ చూసిన దూరప్రాంతాల యాత్రికులను నేనే చూశాను.

ఆ ఎడ్లబండ్ల కాలంలో దీపం దారి చూడటానికి కాదు, కనబడటానికి. బండి ఇరుసు కింద వేలాడగట్టిన హరికేన్ లాంతరు వెలుగులో బండివానికి దారేమీ కనబడదు. దారి ఎద్దులకు తెలుసు. ఆ లాంతరు వెనకబండికి గుర్తు, ఎదురుబండికి హెచ్చరిక, పులికి బెదిరింపు. మంచు పడ్డ రాత్రి బండ్లు ఒకదాని లాంతరును పట్టుకుని మరొకటి వరుసగా సాగేవని మా తాతగారి తరం చెప్పేది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఐరోపావారు బోలెడంత ఖర్చుతో, చట్టాలతో, ఇరవయ్యో శతాబ్దం రెండవ సగంలో కనిపెట్టిన వెనుక మంచుదీపం చేసే పని సరిగ్గా ఇదే.

మోటారు వచ్చాక దీపం ముందుకు దూకింది. తొలినాటి కార్లకు కార్బైడు దీపాలుండేవి; కాల్షియం కార్బైడు మీద నీళ్ళు చుక్కలుగా పడితే పుట్టే ఎసిటిలీన్ వాయువును వెలిగించేవారు. మన వైపు పెళ్ళి ఊరేగింపులలో, గనులలో దాని వాసన ఎరిగినవారు ఇంకా ఉన్నారు. 1912లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ కారుకు విద్యుత్తు దీపాలు, విద్యుత్తు స్టార్టరూ కలిపి అమర్చింది. ఆ వెలుగు పెరిగేకొద్దీ ఎదుటివాడి కళ్ళు పోవడం మొదలైంది. దానికి విరుగుడుగా 1920లలో ఒకే బల్బులో రెండు తీగలు పెట్టి, ఒకటి దూరానికి, మరొకటి కిందికి వెలిగేట్టు చేశారు. మన లారీల వెనుక 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని ఊరూరా తిరిగిన నినాదం ఆ రెండో తీగను గురించే. 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో నిజాం ప్రభుత్వం రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖను నెలకొల్పింది. ఈనాటి ఆర్టీసీలకు అదే మూలపురుషుడు. నదికి అటువైపు మోటారు చట్టం వేరు. 1914 నాటి ఇండియన్ మోటారు వాహనాల చట్టం బ్రిటిషు ఇండియాది, నిజాంది కాదు. ఒకే మంచు, ఒకే నది, రెండు ఒడ్డులకూ రెండు చట్టాలు.

వంతెన 1965లో వచ్చింది. నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. అంతకు ముందే, 1959లో, భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పుగోదావరి నుండి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో మళ్ళీ విభజన: పోలవరం ముంపు పేరిట చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలి, 2016 అక్టోబరులో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. అంటే విజయవాడ నుండి జగదల్‌పూర్ పోయే జాతీయ రహదారి మీద (మొదట 221, ఇప్పుడు 30వ నంబరు) ఒక లారీ ఒక్క రాత్రిలో ఆంధ్ర, తెలంగాణ, మళ్ళీ ఆంధ్ర, ఆపైన ఛత్తీస్‌గఢ్ దాటుతుంది. మంచుకు మాత్రం చెక్‌పోస్టు లేదు.

పసుపు దీపాల సంగతికి వస్తాను. మా మేనమామ 1980లలో సారపాక కాగితపు మిల్లుకు వెదురు తోలేవాడు. ఆ మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పటినుండి ఆ దారిలో వెదురు, ఆ తరువాత జామాయిలు, సుబాబులు లారీలకు కొదవ లేదు. మామయ్య తన లారీకి విజయవాడ ఆటోనగర్‌లో రెండు పసుపు గాజు దీపాలు కొనితెచ్చి బిగించాడు. లారీ యజమాని పైసా ఇవ్వలేదు. "పసుపు వెలుగు మంచును కోసుకుంటూ పోతదిరా" అనేవాడు, పసుపుకు సూక్ష్మక్రిములను చంపే గుణం ఉన్నదన్నంత నమ్మకంగా.

ఈ నమ్మకం మామయ్య ఒక్కడిదే కాదు, ఫ్రాన్సు దేశమంతటిదీ. 1936 నాటి ఉత్తర్వుతో అక్కడ మోటారు బండ్ల ముందు దీపాలు పసుపురంగువే ఉండాలని నిర్బంధించారు. ఐరోపా దేశాల నిబంధనలు ఏకమయ్యేదాకా, అంటే 1993 వరకు, ఆ దేశంలో రాత్రి దారులన్నీ పసుపుపచ్చగానే ఉండేవి. సైన్యం తన బండ్లను శత్రువు బండ్ల నుండి గుర్తుపట్టడానికే ఈ ఏర్పాటని ఒక కథ ప్రచారంలో ఉన్నది. చెప్పుకున్న కారణం మాత్రం కళ్ళు మిరుమిట్లు గొలపకుండా ఉండటం.

మరి పసుపు మంచును కోస్తుందా? కోయదు. పొగమంచు బిందువు కాంతి తరంగం కన్నా ఎన్నో రెట్లు పెద్దది. అంత పెద్ద బిందువు ఎరుపును, పసుపును, నీలాన్ని ఇంచుమించు ఒకే తీరుగా చెదరగొడుతుంది. మంచు తెల్లగా ఉండటమే దీనికి సాక్ష్యం. నీలాన్ని మాత్రమే ఎక్కువగా చెదరగొట్టి ఉంటే మంచు కూడా ఆకాశంలా నీలంగా కనబడేది. పసుపు దీపం చేసే మేలు మంచులో కాదు, కంటిలో. నీలి కాంతి తగ్గితే కళ్ళు తక్కువ అలసిపోతాయని చాలామంది డ్రైవర్ల అనుభవం. అసలు గుట్టు రంగులో లేదు, దీపం బిగించే చోటులో, వెలుగు ఆకారంలో ఉన్నది. మంచుదీపం వెలుగు బల్లపరుపుగా, పక్కలకు విశాలంగా పరుచుకుంటుంది. పైభాగం కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. బంపరు కిందినుండి నేలబారుగా పోయే ఆ వెలుగుకూ, ఎత్తున కూర్చున్న డ్రైవరు చూపుకూ మధ్య ఎడం ఉంటుంది గనుక, చెదిరిన కాంతి తిరిగి అతని కళ్ళలో పడేది తక్కువ. పెద్ద లైటు వేస్తే కళ్ళెదుటి మంచంతా వెలుగుతుంది. 'నా వెలుగు నా కండ్లల్లనే పడతది' అన్న బస్సు డ్రైవరుకు ఈ శాస్త్రమంతా ఒక్క వాక్యంలో తెలుసు. మామయ్యకు కారణం తప్పు తెలుసు, పని ఒప్పు తెలుసు.

దీపాలను కావాలని గుడ్డివి చేసిన కాలమూ ఒకటున్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. భద్రాచలం తాలూకా అప్పుడు తూర్పుగోదావరిది. తన జిల్లా కేంద్రం మీదే బాంబు పడ్డదన్నమాట. తీరపట్టణాలలో దీపాలకు ముసుగులు పడ్డాయి. 1971 యుద్ధంలో మళ్ళీ నగరాలలో హెడ్‌లైట్ల పైసగానికి నల్లరంగు పూశారు. యుద్ధం పక్షం రోజులలో ముగిసింది గానీ ఆ నల్లరంగు అలవాటు ముగియలేదు. ఎదుటివారి కళ్ళలో వెలుగు కొట్టకుండా గాజు మధ్యలో నల్లచుక్క అంటించడం తరువాత కూడా ఎన్నో ఏళ్ళు మన పోలీసులు చేయించిన పని. ఆ చుక్క వల్ల దారి మసకబారేదే తప్ప, వెలుగు ఎక్కడ పడాలో అక్కడ పడేది కాదు.

విదేశాల సంగతి చెప్పుకుందాం. ఇంగ్లండులో 1980 ఏప్రిల్ 1 తరువాత నమోదైన బండ్లకు వెనుక ఎర్రని మంచుదీపం తప్పనిసరి. మామూలు వెనుక దీపం కన్నా అది ఎన్నో రెట్లు ప్రకాశం, ఇంచుమించు బ్రేకు దీపమంత. అందుకే అక్కడి నియమం కఠినం: చూపు బాగా తగ్గితేనే, అంటే సుమారు 100 మీటర్ల లోపుకు పడిపోతేనే వెయ్యాలి; మంచు విడవగానే ఆర్పాలి; ఆర్పకుండా తిరిగితే తప్పు. అక్కడికి వెళ్ళిన మన తెలుగు వైద్యులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు డ్రైవింగు పరీక్షలో ఎదుర్కొనే ప్రశ్నలలో ఒకటి, వెనుక మంచుదీపం ఎట్లా వేస్తావో చూపించు, ఎప్పుడు వేస్తావో చెప్పు అన్నది. ఖమ్మంలో పదేళ్ళు కారు తోలి, బర్మింగ్‌హాం వెళ్ళి ఆ పరీక్ష ఇచ్చిన మిత్రుడొకడు నాతో అన్నాడు: "దేశంలో ఉన్నప్పుడు నా కారుకు ఆ దీపం ఉన్నదో లేదో కూడా నేను చూసుకోలేదు." అతనిదే మరో అనుభవం: మన దగ్గర ఎదురుబండి లైటు కొట్టిందంటే 'నేను వస్తున్నాను, నువ్వాగు' అని అర్థం. అక్కడ చాలామంది 'నేను ఆగాను, నువ్వు పో' అన్న అర్థంలో కొడతారు. అధికారిక నియమం ఈ రెండింటినీ ఒప్పుకోదు. 'నేనిక్కడ ఉన్నాను' అని తెలపడానికే కొట్టాలంటుంది. వెళ్ళిన మొదటి వారంలో ఈ రెండు భాషల మధ్య అతని కారు ముందుభాగం కొంత నలిగింది.

జర్మనీ వాళ్ళది అచ్చమైన లెక్క. వెనుక మంచుదీపం చూపు 50 మీటర్ల లోపు ఉంటేనే వెయ్యాలి. అంత మంచులో వేగం 50 కిలోమీటర్లు మించరాదు. మరి 50 మీటర్లని ఎట్లా తెలిసేది? వాళ్ళ ఊరిబయటి దారులకు ఇరువైపులా 50 మీటర్లకొకటి చొప్పున తెల్లని గుంజలు పాతి ఉంటాయి. పక్కన ఉన్న గుంజ నుండి తరువాతి గుంజ కనబడకపోతే దీపం వేసుకో, వేగం తగ్గించుకో. చట్టాన్ని దారి మీదే రాసి పెట్టడమంటే ఇది. 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. అపాయాన్ని గుర్తించి కాలు బ్రేకు మీదికి పోయే లోపే ఒక గుంజ దూరంలో నాలుగో వంతుకు పైగా అయిపోతుంది. ఫ్రాన్సులో వేగం నియమం ఇంచుమించు ఇదే. పైగా వానలో వెనుక మంచుదీపం వేయడం అక్కడ నిషేధం. తడిరోడ్డు మీద ఆ ఎర్రని వెలుగు వెనకవాడి అద్దమంతా అలుముకుని బ్రేకు దీపాన్ని మింగేస్తుంది మరి. అందుకే ఐరోపా నిబంధనలు ఈ రెండు దీపాల మధ్య కనీసం 10 సెంటీమీటర్ల ఎడం ఉండాలంటాయి.

అమెరికా దీనికి భిన్నం. వెనుక మంచుదీపం అక్కడ దేశవ్యాప్తంగా తప్పనిసరి కాదు. ఎక్కువగా ఐరోపా కంపెనీల కార్లకే ఉంటుంది. ముందుదీపాల వాడకం ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమం. కాలిఫోర్నియాలో మంచుదీపాన్ని హెడ్‌లైటుకు తోడుగా వెయ్యవచ్చు గానీ బదులుగా వెయ్యకూడదు. ఆ లెక్కన మా ముక్కోటి బస్సు డ్రైవరు అక్కడ నేరస్తుడే. 1990 డిసెంబరు 11న టెనెస్సీ రాష్ట్రంలో కాల్‌హౌన్ అనే ఊరి దగ్గర, హైవాసీ నది పక్కన, 75వ నంబరు రహదారి మీద మంచులో 99 బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. 12 మంది పోయారు. దగ్గరలోని ఒక కాగితపు మిల్లు చెరువుల ఆవిరి ఆ మంచును దట్టం చేసిందా అన్న వివాదం కోర్టులకెక్కింది. ఆ తరువాత ఆ దారిలో మంచును పసిగట్టే పరికరాలు, వేగాన్ని మార్చి చూపే బోర్డులు, అవసరమైతే దారినే మూసే గేట్లు పెట్టారు. నది, కాగితపు మిల్లు, డిసెంబరు మంచు అని చదివినప్పుడు నాకు సారపాక కళ్ళముందు మెదలింది. పోలిక అంతవరకే, మన మిల్లు మీద నేనే నిందా మోపడం లేదు.

గల్ఫుకు పోయిన మనవాళ్ళకు మంచు అసలు ఊహకే అందదు. ఎడారిలో మంచేమిటి? 2008 మార్చి 11 ఉదయం అబుదాబి, దుబాయి రహదారి మీద దాదాపు 200 బండ్లు మంచులో ఢీకొన్నాయి, కొన్ని తగలబడ్డాయి. ఇప్పుడు అక్కడ మంచు పట్టిన వేళ రహదారి వేగాన్ని 80 కిలోమీటర్లకు దించి బోర్డుల మీద చూపిస్తారు. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని బండి నడపవద్దని అక్కడి పోలీసులు ఏటా మొత్తుకుంటారు.

ఈ చివరి సంగతి మనవాళ్ళు వినవలసినది. మంచు గానీ వాన గానీ పడితే చాలు, నాలుగు ఇండికేటర్లూ టకటకలాడించుకుంటూ పోవడం మన దగ్గర సదాచారమైపోయింది. అవి ఆగిపోయిన బండికి గుర్తు. నడుస్తున్న బండి వాటిని వేసుకుంటే, ఏది ఆగిందో ఏది కదులుతున్నదో వెనకవానికి తెలియదు. కుడికి తిరుగుతున్నాడో ఎడమకో అంతకన్నా తెలియదు. ఇక బంపరు మీద, క్యాబిన్ నెత్తిన బిగిస్తున్న తెల్లని ఎల్ఈడీ పట్టీల సంగతి చెప్పనక్కరలేదు. వాటిని కూడా ఫాగ్ లైట్లనే పేరుతోనే అమ్ముతారు. మంచుదీపం గుణం వెలుగు పైకి పోకపోవడం. వీటి గుణం నలుదిక్కులా చిమ్మడం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 106వది, దీపం వెలుగు ఎనిమిది మీటర్ల దూరంలో ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలపరాదని లెక్కకట్టి మరీ చెబుతున్నది. చింతూరు ఘాటులో ఎదురయ్యే ఏ టూరిస్టు జీపైనా ఈ నిబంధనను చదివి ఉంటుందని నేననుకోను.

మంచు చూడటానికి జనం ఎగబడే లంబసింగిని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లి పోయే ఆ రోడ్డును వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత అతి తక్కువ కూలికి వెట్టి చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద అల్లూరి సీతారామరాజు దాడితో మొదలైన తిరుగుబాటుకు గల కారణాలలో ఆ రోడ్డు ఒకటి. ఇప్పుడు డిసెంబరు ఆదివారాలలో ఆ రోడ్డు మీద కార్లు దీపాలన్నీ వేసుకుని బారులు తీరుతాయి.

భద్రాచలం సరిహద్దు దారులలో దీపానికి మరో వ్యాకరణం కూడా ఉండేది. చర్ల, వెంకటాపురం, చింతూరు, కుంట వైపు అడవులలో మావోయిస్టుల ప్రాబల్యం ఉన్న రోజులలో, ఏటా డిసెంబరు 2 నుండి వారి వారోత్సవాలు జరిగేవి. సరిగ్గా మంచు మొదలయ్యే వేళ. ఆ వారంలో రాత్రి బస్సులు తరచుగా ఆగిపోయేవి. నడిచే బండ్లవాళ్ళు తనిఖీ కేంద్రం దగ్గరకు రాగానే ముందు లైట్లు తగ్గించి, క్యాబిన్ లోపలి లైటు వేసేవారు. లోపల ఎవరున్నారో కనబడాలి, ఎదుటి జవాను కళ్ళలో వెలుగు పడరాదు. ఈ మర్యాద ఏ నిబంధనలోనూ లేదు. అడవిలో ఎవరు ఎదురైనా అదే మర్యాద. ఎదురైనది పోలీసులా అన్నలా అన్నది వెలుగులో చూసి తేల్చుకునే ఉబలాటం ఎవరికీ ఉండేది కాదు.

మామయ్య సంగతి సగంలో ఆపాను. 1994 జనవరిలో, సంక్రాంతి ముందు, వెదురు దించి ఖాళీ లారీతో తిరిగివస్తుండగా, తెల్లవారుజాము మంచులో రోడ్డు మీదే ఆగి ఉన్న బొగ్గు లారీని వెనకనుండి గుద్దాడు. దానికి వెనుక దీపం లేదు, ఎర్రగుడ్డ లేదు, కనీసం చెట్టుకొమ్మ కూడా అడ్డం వేయలేదు. ప్రమాదకరంగా బండిని రోడ్డు మీద వదిలేయరాదని 1988 చట్టంలో 122వ సెక్షను ఉన్నది. మామయ్య పసుపు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఎడమవైపు కూర్చున్న క్లీనరు కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. వాడికి పంతొమ్మిదేళ్ళు, వేలేరుపాడు వైపువాడు. మామయ్యకు కుడికాలు విరిగింది. కేసు మామయ్య మీదే అయింది, వెనకనుండి గుద్దినవాడిదే తప్పు గనుక. ఆగి ఉన్న లారీ ఎవరిదో తెల్లారేసరికి లేదు. ఆయన మళ్ళీ లారీ ఎక్కలేదు. చాలా ఏళ్ళ తరువాత ఒకసారి నాతో, "నా దీపం మంచిదేరా. వాని దీపం లేదు" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇన్ని దేశాల నియమాలు చదివాక నాకు తోచింది ఇది. ఐరోపా చట్టాలన్నీ దారి మీద ఉన్న ప్రతిదానికీ ఇంజనూ బ్యాటరీ ఉన్నాయనుకుని రాసినవి. మన అడవి అంచు దారిలో నాలుగు గంటలకు ఉండేది అవి మాత్రమే కాదు. కూనవరం, చింతూరు, వెంకటాపురం సంతలకు చింతపండు, కోళ్ళు, విప్పపువ్వు మోసుకుని నడిచిపోయే కోయలుంటారు. తట్ట తలమీద ఉంటుంది గనుక తల తిప్పి వెనక్కు చూడలేరు. వడ్లు నింపిన ట్రాక్టరు ట్రాలీలకు దీపం ఉండదు, ఉన్నా గడ్డి కప్పేస్తుంది. ముక్కోటికి పాదయాత్రగా వచ్చేవారుంటారు. మన దారిలో ముందు మంచుదీపానికి విలువ ఎదుటి బండి కోసం కన్నా, పక్కలకు పరుచుకునే దాని వెలుగులో రోడ్డు అంచు కనబడటం కోసం ఎక్కువ. ఆ అంచునే మనుషులు నడుస్తారు. వెనుకదీపం విషయంలో మాత్రం మనం ఎడ్లబండి లాంతరు కన్నా వెనకబడ్డాం. ద్విచక్ర వాహనాలకు పగలూ రాత్రీ వెలిగే ముందుదీపం 2017 ఏప్రిల్ నుండి మన దేశంలో తప్పనిసరి అయింది; స్వీడను అన్ని బండ్లకూ ఆ పని 1977లోనే చేసింది. కానీ ట్రాలీకి వెనుక రెండు ఎర్రని మెరుపు పట్టీలు అంటించడానికి బ్యాటరీ కూడా అక్కరలేదు. నిబంధన ఉన్నది. పట్టీ రూపాయలలో దొరుకుతుంది. అది అంటించి ఉన్నదా లేదా అని చెక్‌పోస్టులో చూసేవారే తక్కువ.

ఇటీవల ఒక ముక్కోటికి మళ్ళీ ఆ దారిన వెళ్ళాను, ఈసారి అద్దెకారులో. డ్రైవరు పాతికేళ్ళ కుర్రాడు. మంచులోకి రాగానే నాలుగు ఇండికేటర్లూ వేశాడు. వద్దన్నాను. వింతగా చూసి ఆపేశాడు. మొండికుంట దాటాక ముందు ఏదో గుండ్రంగా తళుక్కున మెరిసింది, ఒకటి కాదు, రెండు. దగ్గరికి పోతే వరిగడ్డి ట్రాక్టరు. ట్రాలీ వెనుక ఎవరో రెండు పాత సీడీలు తీగతో కట్టారు. మా కారు వెలుగు పడ్డప్పుడల్లా అవి ఇంద్రధనుస్సు రంగులలో తిరుగుతున్నాయి. ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో ఏదో సినిమా పేరు రాసి ఉన్నది. చదివే లోపే దాటిపోయాం.